మాటలు కనబడలేదు

బిల్డ్ మళ్ళీ ఆగిపోయింది.

లాప్‌టాప్ తెర మీద ఎర్ర అక్షరాలు వరసలు వరసలుగా కిందికి జారాయి. శ్రీవత్స వాటిని చదవలేదు. అట్టడుగున ఉన్న ఒక్క వాక్యమే చూశాడు. 'కట్టడం కుదరలేదు' అని ఉంది.

లాప్‌టాప్ మూసేశాడు. కాసేపటికి తెరిచాడు. అక్షరాలు అలాగే ఉన్నాయి.

కిటికీ అవతల సముద్రం కనబడటం లేదు. పొద్దున్నే మబ్బు కొండ మీదికి దిగి కూర్చుంది. కెరటాల చప్పుడు మాత్రం పైకి వస్తోంది, ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు.

ఎర్రమట్టి కొండ అది. దాని మీద చిన్న బౌద్ధ విహారం. అక్కడికి కొందరు ధ్యానం నేర్చుకోవడానికి వస్తారు. కొందరు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికి వస్తారు. అందరికీ గురువు ఒక్కరే, భద్రసేన భంతే. కాషాయం కట్టకముందు ఆయన ఎక్కడ ఏం పని చేశారో ఎవరూ అడగరు. రెండు రకాలవాళ్ళకూ ఆయన చెప్పే పాఠం ఒకటేనని పాత శిష్యులు అంటారు. ఆ పాఠం ఏమిటని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు.

కొండ కింద మత్స్యకారుల పల్లె ఉంది. ఆ పల్లెలో ప్రతి బోటుకూ ఒక పెట్టె ఉంటుంది. గాలి ముదురుతోందని కబురు అందగానే ఆ పెట్టె పైకి చెబుతుంది. పల్లెవాళ్ళు దాన్ని మాటపెట్టె అంటారు. అందులో ఉండే ప్రోగ్రాము ఈ విహారంలో తయారయ్యేదే.

ఇన్నాళ్ళూ మాటపెట్టె రేడియో భాషలో మాట్లాడింది. 'వాయవ్య దిశ నుంచి బలమైన ఈదురుగాలులు వీచే అవకాశం ఉన్నది' అనేది. ఇంజను చప్పుడులో ఆ వాక్యం ఎవరికీ అందేది కాదు. అందినా, అది పూర్తయ్యేలోపు గాలే వచ్చేది.

అందుకని శ్రీవత్స పల్లెలోకి దిగి వెళ్ళాడు. అక్కడి మాటలను అక్కడి గొంతుతోనే రికార్డు చేసుకొచ్చాడు. ఆ గొంతు దానమ్మది. ఆమె పల్లెలోని అంగన్‌వాడీలో ఆయా. పెద్దకొడుకు సత్తెయ్య కిందటేడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇప్పుడు చిన్నవాడు పోలరాజు వెళతానంటున్నాడు.

"నా గొంతు ఆ పెట్టెలోంచి ఇనిపిస్తే పంపుతాను. నేకపోతే నేదు," అంది దానమ్మ రికార్డు చేసిన రోజున.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో వేట ఆపేస్తారు. ఆ నిషేధం ఇవాళ్టితో అయిపోతుంది. రేపు తెల్లవారుతూనే బోట్లన్నీ కదులుతాయి.

ఇవాళే బిల్డ్ ఆగిపోయింది.

బిల్డ్ అంటే విడివిడిగా రాసుకున్న ముక్కలన్నిటినీ కలిపి ఒక్క ప్రోగ్రాముగా కట్టడం. కట్టే పనిముట్టు ఒకటి ఉంటుంది. ఎక్కడైనా ముక్క అతకకపోతే అది ఎర్ర అక్షరాలలో చెబుతుంది. మిగతా లోకంలో ఇంగ్లీషులో చెబుతుంది. ఈ కొండ మీద మాత్రం తెలుగులో చెబుతుంది. ఎప్పటి శిష్యులో ఓపిగ్గా దానికి నేర్పి పోయారు.

విహారంలో ఇంకో అలవాటు కూడా ఉంది. ఎర్ర అక్షరాలు వస్తే, కీబోర్డు ముట్టుకోకముందు, వాటిని ఎవరికో ఒకరికి పైకి చదివి వినిపించాలి. వినేవాళ్ళకు ప్రోగ్రాములు తెలియాలని లేదు. ధ్యానానికి వచ్చినవాళ్ళకు వినిపించేవాళ్ళు ఉన్నారు. పాలు పోయడానికి వచ్చినతనికి వినిపించేవాళ్ళు ఉన్నారు.

శ్రీవత్సకు అది చిన్నపిల్లల బడిలా తోచేది. అతను హైదరాబాదులో పెద్ద కంపెనీలో పనిచేసి, దాన్ని వదులుకుని వచ్చినవాడు. వచ్చిన వారంలోనే పాత శిష్యులు చిందరవందరగా వదిలిన ఫైళ్ళన్నీ సర్ది పెట్టాడు. ఎర్ర అక్షరాలు వస్తే చాటుగా చూసుకునేవాడు, ముఖం మీద మరకను అద్దంలో చూసుకున్నట్టు. తుడిచేసుకుని బయటికి వచ్చేవాడు.

ఈసారి మరక పోవడం లేదు.

భంతే మండపంలో కూర్చుని దోమతెరకు పడిన చిరుగు కుడుతున్నారు. శ్రీవత్స వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"భంతే, అది పొద్దున్నించి నన్ను తిడుతోంది."

"ఏమని?"

"చాలా ఉంది. వందల వరసలు."

"ఏమని తిడుతోంది?"

శ్రీవత్స తన గది వైపు చూశాడు. తిట్టింది తెలుసు. ఏమన్నదో తెలియదు.

భంతే సూదిలో దారం ఎక్కించుకున్నారు. "ఎవరికైనా చదివి వినిపించావా?"

"అందరూ ధ్యానంలో ఉన్నారు భంతే. ఎవరూ దొరకలేదు."

"వంటింట్లో పిల్లి ఉందిగా."

"పిల్లికి చదవమంటారా?"

"నీకంటే ఓపిగ్గా వింటుంది."

శ్రీవత్స నవ్వలేదు. నమస్కారం పెట్టి గదికి వచ్చేశాడు. వంటింటి ముందునుంచే వచ్చాడు. పిల్లి గడపలో పడుకుని ఉంది. అది తల ఎత్తింది. అతను ఆగలేదు.

గదిలో గాలి లేదు. కుర్చీలో కూర్చునే కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

కలలో సముద్రపు ఒడ్డున ఉన్నాడు. తడి ఇసక నిండా ఎర్ర పీతలు. ఒక్కొక్కటీ ఒక్కొక్క రంధ్రం ముందు నిలబడి అతనికేసి చూస్తోంది. ఏదో చెప్పబోతున్నట్టు ముందుకాళ్ళు ఎత్తి ఉన్నాయి. అతను అడుగు వేయగానే అన్నీ రంధ్రాల్లోకి పోయాయి. అతను వంగి ఒక రంధ్రాన్ని ఇసకతో పూడ్చాడు. ఇంకోటి పూడ్చాడు. పూడ్చిన కొద్దీ ఒడ్డు చదునుగా, అందంగా అయింది. కల్లో అతనికి చాలా హాయిగా అనిపించింది.

మెలకువ వచ్చేసరికి ఏం చేయాలో తెలిసినట్టుంది.

తెర మీద చివరి వరసలు చూశాడు.

'ఒడ్డు అంటే ఏమిటో తెలియదు.'

ఒక కొత్త ఫైలు తెరిచి అందులో రాశాడు. ఒడ్డు అంటే ఖాళీ. అలా రాస్తే పనిముట్టు ఆ మాట గురించి మళ్ళీ అడగదు. ఆ పేరుతో ఒకటి ఉందనుకుంటుంది. అందులో ఏముందో చూడదు.

ఎర్ర వరస ఒకటి మాయమైంది.

'కెరటం అంటే ఏమిటో తెలియదు.' కెరటం అంటే ఖాళీ.

'పోటు అంటే ఏమిటో తెలియదు.' పోటు అంటే ఖాళీ.

గాలి ఖాళీ. వాన ఖాళీ. రండి అన్న మాట కూడా ఖాళీ.

కింది నుంచి పైకి పోతూ ఒక్కొక్కదాన్నీ పూడ్చుకుంటూ వెళ్ళాడు. చేతులు వాటంతట అవే కదిలాయి. ఎర్రదనం పలచబడింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి తెర మీద ఒక్కటే వాక్యం మిగిలింది. ఆకుపచ్చ రంగులో.

'కట్టడం పూర్తయింది.'

శ్రీవత్స మండపానికి దాదాపు పరుగెత్తాడు.

"అయిపోయింది భంతే."

"ఏమంది?"

"ఇప్పుడేమీ అనడం లేదు."

భంతే అతని ముఖంలోకి చూశారు. కొంచెం ఎక్కువసేపే చూశారు. తర్వాత దోమతెర మడిచి పక్కన పెట్టారు.

"పద. పల్లెకు నేనూ వస్తాను."

మెట్లదారి నిండా మబ్బే. నాలుగు మెట్లు దిగితే వెనక నాలుగు మెట్లు కనబడటం లేదు. భంతే చెప్పులు లేకుండా నడిచారు. శ్రీవత్స మాటపెట్టెను కండువాలో చుట్టి గుండెకు ఆనించుకుని దిగాడు. కొత్త ప్రోగ్రాము ఎక్కించిన మొదటి పెట్టె అది. పోలరాజు బోటుకు పెట్టాల్సింది.

అంగన్‌వాడీ సముద్రానికి దగ్గరగా ఉంది. ఒక గది, ముందు అరుగు, పక్కన వంట చేసుకునే పంచ. టీచరమ్మ మీటింగుకు పోయింది. దానమ్మ ఒక్కతే ఉంది. పిల్లలకు కోడిగుడ్లు ఉడకబెడుతోంది. వీళ్ళను చూసి చేతులు చీరకు తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చింది.

"రండి బాబూ. సామీ, మీరూ వొచ్చీసినారా ఈ మబ్బులో?" భంతే కూర్చోవడానికి చాప వేసింది. కళ్ళు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి. "నా గొంతు ఎక్కించీసినారా?"

"ఎక్కించానమ్మా. వినండి."

పెట్టెకు పక్కన ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే, తుపాను కబురు వచ్చినప్పుడు ఏం చెబుతుందో అది చెప్పి చూపిస్తుంది. శ్రీవత్స నొక్కాడు.

పెట్టె మీది దీపం వెలిగింది. కొంతసేపు వెలిగి ఆరింది.

ఇంకోసారి నొక్కాడు. వెలిగింది. ఆరింది.

దానమ్మ పెట్టెను చేతుల్లోకి తీసుకుంది. పసిపిల్ల ఊపిరి చూసినట్టు చెవికి దగ్గరగా పెట్టుకుంది.

"ఎలుగుతాంది గానీ మాటాడతా నేదు బాబూ."

"లోపలంతా సరిగ్గానే ఉందమ్మా. ఏ తప్పూ చూపించలేదు."

"తప్పు నేకపోతే మాటేది?"

శ్రీవత్స పెట్టెను వెనక్కి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. చూడటానికి బయట ఏమీ లేదు.

దానమ్మ సముద్రంకేసి తిరిగింది. అక్కడ తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు.

"సత్తెయ్యప్పుడూ ఇంతే. ఆడు దచ్చినం ఏపు ఎల్లినాడు. అంతే. బోటు ముక్కయినా ఒడ్డుకి రానేదు. గాలికి పోనాడో, ఇంజను ఆగిపోనాదో, ఎవులూ సెప్పనేదు. ఏటి జరిగిందో తెలిస్తే ఏడ్సుకుందును. తెలీకుండా ఏటని ఏడుత్తాను?"

ఆమె ఎవరినీ ఏమీ అన్నట్టు లేదు. కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"పోలరాజును రేపు ఆపండమ్మా," అన్నాడు శ్రీవత్స. "కొన్నాళ్ళు ఆగమనండి."

"ఆగుతాడేటి? పెట్టె మాటాడినా మాటాడకపోయినా ఎల్తాననీసినాడు నిన్ననే. పొద్దున్నించి బోటు కాడే ఉన్నాడు, అన్నం కూడా అక్కడికే అట్టుకెళ్ళాను." ఆమె లేచింది. "గుడ్లు సూసొస్తాను."

పంచలోకి వెళ్ళిపోయింది.

శ్రీవత్స పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మీట నొక్కాడు. వెలిగింది. ఆరింది. భంతే ఏమైనా అంటారేమోనని చూశాడు. భంతే కళ్ళు మూసుకుని ఉన్నారు.

అప్పుడు లోపల ఒక పిల్ల ఏడ్చింది.

ఏడుపు పెద్దదేమీ కాదు. ఆ పిల్ల పక్కనే ఇంకొకరు అందుకున్నారు. ఆ పక్కన ఇంకొకరు. ఇంకాసేపటికి గదిలో ఉన్న పిల్లలంతా గొంతు ఎత్తారు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒకళ్ళను చూసి ఒకళ్ళు ఏడుస్తున్నారు. మధ్యలో ఆపి, పక్కవాళ్ళు ఆపలేదని చూసి, మళ్ళీ మొదలుపెడుతున్నారు.

శ్రీవత్స సంచీలో బిస్కెట్ల ప్యాకెట్టు ఉంది. లోపలికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒక బొద్దుపిల్లాడు అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. వాడి చేతిలో ఒక బిస్కెట్టు పెట్టాడు. వాడు నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మళ్ళీ అరిచాడు. పక్కపిల్లకు పెట్టాడు. ఆ పిల్ల బిస్కెట్టు పట్టుకుని ఏడ్చింది. ఇంకో పిల్లాడు వెక్కుతూ వెక్కుతూనే, "నాకు రెండు," అన్నాడు.

ప్యాకెట్టు ఖాళీ అయింది. నోళ్ళ నిండా బిస్కెట్లతో గది మొత్తం ఏడుస్తోంది.

శ్రీవత్స చేతులు వేలాడేసుకుని మధ్యలో నిలబడిపోయాడు.

భంతే లేచి వచ్చారు. గడపలో ఆగారు. ఎవరినీ ఊరుకోమనలేదు. తల కొంచెం పక్కకు వంచి, దూరంగా ఎక్కడో పాడుతున్న పాట వింటున్నట్టు నిలబడ్డారు. తర్వాత పిల్లల మధ్యలోంచి నడిచారు. బొద్దుపిల్లాణ్ణి దాటారు. బిస్కెట్టు పట్టుకున్న పిల్లను దాటారు. గోడ వారగా ఒక చిన్నపిల్ల ఉంది. ఆ పిల్ల గొంతు అసలు వినబడటం లేదు. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళలోకి దిగింది.

భంతే ఆ పిల్ల ముందు కింద కూర్చున్నారు.

"చెప్పు తల్లీ."

పిల్ల వేలు చూపించింది. "గవరాడు గిల్లీసినాడు."

పక్కనున్న గవరయ్య ఏడుపు మధ్యలోనే తల అడ్డంగా ఊపాడు. "నాను గిల్లనేదు."

భంతే గవరయ్య వైపు చూడలేదు. పిల్ల ఇంకో చెయ్యి ఎక్కడుందో చూశారు. అది తొడ వెనక ఉంది. పిల్లను రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకున్నారు. గౌను అంచు తిప్పారు. అక్కడ, కుట్టు మడతలో, ఒక గండుచీమ.

దాన్ని రెండు వేళ్ళతో నొప్పి కలగకుండా పట్టుకుని, కిటికీ చువ్వల్లోంచి బయటికి వదిలారు. పిల్ల తొడ మీద ఎర్రగా ఉన్నచోట అరచెయ్యి ఆనించి ఉంచారు.

పిల్ల ఎక్కిళ్ళు ఆగాయి.

గవరయ్య ఆ పిల్లను చూసి ఆపేశాడు. గవరయ్యను చూసి ఇంకొకడు ఆపాడు. ఏడుపు వచ్చిన దారినే ఒక్కొక్కరి నుంచి వెళ్ళిపోయింది. చివరికి గుమ్మం దగ్గరి బొద్దుపిల్లాడు మిగిలాడు. వాడు చుట్టూ చూసి, ఇక బాగుండదని ఊరుకున్నాడు.

కెరటాల చప్పుడు గదిలోకి వచ్చింది.

దానమ్మ గుడ్ల గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏటైంది సామీ? అందరూ ఒక్కపాలి ఎత్తుకున్నారు."

"చీమ," అన్నారు భంతే.

ఆయన లేచి శ్రీవత్స పక్కనుంచి బయటికి వెళుతూ, "బిస్కెట్లు బాగున్నట్టున్నాయి," అన్నారు.

శ్రీవత్స ఖాళీ ప్యాకెట్టు మడిచి సంచీలో పెట్టుకున్నాడు. తర్వాత పెట్టెను కండువాలో చుట్టుకున్నాడు.

"అమ్మా, పొద్దు గుంకేలోపల మళ్ళీ వస్తాను."

దానమ్మ గుడ్డు పెంకు తీసి గవరయ్య చేతిలో పెట్టింది.

మెట్లు ఎక్కుతుంటే మబ్బు పలచబడుతోంది. భంతే వెనక వస్తున్నారో లేదో శ్రీవత్స చూసుకోలేదు.

గదిలోకి వెళ్ళి లాప్‌టాప్ తెరిచాడు. ఖాళీ అని రాసిన ఫైలు తెరిచాడు. ఒడ్డు ఖాళీ, కెరటం ఖాళీ, పోటు ఖాళీ. తన చేతులతో రాసినవే. ఫైలంతా తీసేశాడు. మళ్ళీ బిల్డ్ మొదలుపెట్టాడు.

ఎర్ర వరసలు వచ్చాయి. పొద్దున ఎన్ని ఉన్నాయో అన్నీ వచ్చాయి.

అతను కిందికి చూడలేదు. పైకి పోయాడు. 'ఒడ్డు అంటే ఏమిటో తెలియదు', 'కెరటం అంటే ఏమిటో తెలియదు' దాటుకుంటూ, వాటి మీద ఆగకుండా పైకి పైకి పోయాడు. చాలా దూరం ఉంది. ఇంత దూరం పైకి అతను ఎప్పుడూ వెళ్ళలేదు.

మొట్టమొదటి వరస దొరికింది.

లాప్‌టాప్ పట్టుకుని మండపానికి వచ్చాడు. భంతే అప్పటికే వచ్చి, స్తంభానికి ఆనుకుని, దోమతెర ఒళ్ళో వేసుకుని ఉన్నారు.

"చదవమంటారా భంతే?"

భంతే సూది పక్కన పెట్టారు.

శ్రీవత్స గొంతు సవరించుకున్నాడు. పైకి చదివాడు.

"'బోటు అనే ఫైలును చదువుతున్నాను. దీనికి మాటలు కావాలి. నువ్వు చెప్పిన చోటికి వెళ్ళి చూశాను. అక్కడ మాటలు కనబడలేదు.'"

తిట్టు కోసం అతను ఆ వరసను ఇంకోసారి వెతికాడు. లేదు. ఆ వరస అతన్ని ఏమీ అనలేదు. తను ఎక్కడికి వెళ్ళిందో, ఏం వెతికిందో, ఏం దొరకలేదో చెప్పింది. అంతే.

"బోటు ఫైలు నేను రాసింది కాదు భంతే. ఎప్పుడో పాతవాళ్ళు..."

అక్కడే ఆగిపోయాడు. భంతే కనురెప్ప కూడా కదల్చలేదు. శ్రీవత్సకు మాత్రం కళ్ళ ముందు, గోడవారగా కూర్చుని తల అడ్డంగా ఊపుతున్న గవరయ్య కనబడ్డాడు.

కళ్ళు మూసుకున్నాడు. మాటలు. మాటల ఫోల్డరు. వచ్చిన కొత్తల్లో సర్దాడు. పాతవాళ్ళు దాన్ని అన్నిటి మధ్యా ఎందుకు పడేశారా అనుకుని, తీసి, అందంగా ఉంటుందని వేరే చోట పెట్టాడు. పెట్టానని పనిముట్టుకు చెప్పలేదు. మాటపెట్టె పాత ప్రోగ్రాము అప్పటికే కట్టి ఉంది, దాన్ని మళ్ళీ కట్టలేదు గనక ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఇవాళ అది మాటల కోసం పాత చోటికే వెళ్ళింది. అవి అక్కడ లేకపోయేసరికి అతన్ని పిలిచింది. పొద్దున్నించి పిలుస్తూనే ఉంది.

మాటలు ఎక్కడున్నాయో ఒక్క వరస రాశాడు. బిల్డ్ మొదలుపెట్టాడు.

అతని వేళ్ళు పెదవుల మీద ఉన్నాయి. తెర మీద ఒక్కొక్క వరసా మెల్లగా వచ్చింది. మాటలు దొరికాయి. గాలి దొరికింది. కెరటం దొరికింది. పోటు దొరికింది. ఒడ్డు దొరికింది. ఆ వందల వరసల్లో ఒక్కదాన్నీ అతను ముట్టుకోలేదు. అవే సర్దుకున్నాయి.

పెట్టెలోకి ఎక్కించి అక్కడే మీట నొక్కాడు.

ఒక ఆడమనిషి గొంతు మండపంలోకి వచ్చింది. కొంచెం బొంగురుగా, కొంచెం కసురుతున్నట్టు.

"గాలి తిరిగిపోతాంది. ఒడ్డుకొచ్చీయండి నాయనా. వొచ్చీయండి."

వంటింటి గడపలో పిల్లి లేచి కూర్చుంది.

శ్రీవత్స లాప్‌టాప్ పక్కకు పెట్టి, వంగి భంతే పాదాల దగ్గర నేలను తాకాడు. భంతే సూది అందుకున్నారు.

"ఆమెకు వినిపించు. వెలుతురుండగానే వెళ్ళు."

శ్రీవత్స అన్నట్టే పొద్దు గుంకకముందు పెట్టెతో పల్లెకు దిగాడు. సాయంత్రానికి అక్కడి ప్రతి పెట్టెలోకీ ఆ గొంతు ఎక్కింది. మిగతా శిష్యులు కూడా వచ్చి చెయ్యి వేశారు.

తెల్లవారేసరికి మబ్బు పూర్తిగా పోయింది. ఒడ్డంతా జనం. ఆడవాళ్ళు బోట్ల ముక్కులకు పసుపు రాస్తున్నారు. ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు. సముద్రం ఇంకా నిద్ర లేవనట్టు బూడిదరంగులో ఉంది.

పోలరాజు పెట్టెను బోటుకు బిగించి మీట నొక్కాడు. దానమ్మ గొంతు పలికింది. దానమ్మ పక్కనే నిలబడి విన్నది. తన గొంతు కాదన్నట్టు విన్నది.

"మళ్ళీ అనమను," అంది.

పోలరాజు నొక్కాడు. మళ్ళీ పలికింది.

"మళ్ళీ."

మూడోసారి పలికాక పోలరాజు తల గోక్కున్నాడు. "ఇంట్లోనూ నువ్వే. సముద్రం మీదా నువ్వే. ఇంక నాను ఎక్కడికి పోవాలే అమ్మా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దానమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది.

బోట్లను నీళ్ళలోకి తోశారు. ఇంజన్లు అందుకున్నాయి. ఒకదాని వెనక ఒకటి కెరటం దాటి వెళ్ళాయి. చిన్నవయ్యాయి. రంగులు పోయాయి. తర్వాత నీటి మీద గింజల్లా మిగిలాయి.

జనం పల్లెలోకి మళ్ళారు. దానమ్మ మళ్ళలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి నిలబడి ఉంది. పోలరాజు బోటు వెళ్ళింది తూర్పుకి. ఆమె చూస్తున్నది అటు కాదు. దక్షిణంగా, ఏ బోటూ లేని వైపు చూస్తోంది.

శ్రీవత్స, భంతే ఇసకలో నిలబడి ఉన్నారు.

"భంతే."

"ఊఁ."

"నేను మళ్ళీ తప్పు చేస్తే?"

"చేస్తావు."

"అప్పుడు?"

భంతే దానమ్మ వైపు చూస్తున్నారు. ఒక కెరటం వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళను తడిపి వెనక్కి పోయింది. ఆమె కదల్లేదు.

"ఏం జరిగిందో నీకైతే అది చెబుతుంది," అన్నారు భంతే.